యోనా అంటే కిందికొచ్చే బంతి

ఉక్కునగరం,
ఆగస్టు మొదటి ఆదివారం, ఆరాధన అయ్యాక

బావగారికి,

మీ ఇంటికి, మా అక్క వండే కుండకి, మీ వీధిలో ఆరే వలలకి సమాధానం. మీకు మాత్రం ముందు గద్దింపు, ఆ తర్వాతే సమాధానం.

ఈ కవరు చూసి, గురునాథం దిగొచ్చాడని మురిసిపోకండి. మొన్న ఫిబ్రవరి బేస్‌బాల్ ఆటలో నేను, బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేటు వెనక గొంతుక్కూర్చుని మీకు రెండు వేళ్ళు చూపించాను. క్యాచర్ రెండు వేళ్ళు చూపిస్తే బంతి విసిరే పిచ్చర్ దాన్ని కిందికి వంగేలా వెయ్యాలి. ఇన్నేళ్ళుగా మనిద్దరి మధ్య ఉన్న నిబంధన అది. మీరు తిన్నగా నా మొహానికి విసిరారు. కడ్డీ ఊడిన మాస్కులోంచి బంతి దూరి, నా ముందుపన్ను ఒకటి ఆ మట్టిలో రాలింది. ఎందుకలా వేశారని అడిగితే "నా ఇష్టం" అన్నారు. క్షమించమంటే క్షమించి ఉందును. "నా ఇష్టం" అన్నవాణ్ణి ఫరో రాజు కాలం నుంచీ దేవుడే క్షమించలేదు, నేనెంత?

ఆ ఆదివారమే మా ప్రార్థన సహవాసం ముందు, నేను వాక్యం చెప్పే చాప మీద నిలబడి మొక్కుకున్నాను: అప్పలసూరి బావతో ఇక నోరు విప్పి మాట్లాడను, మాట్లాడితే ఈ చాప మీద మళ్ళీ నిలబడి వాక్యం చెప్పను అని. యెఫ్తా లాగ ఆలోచన లేకుండా మొక్కానని మా సహవాసంలో పెద్దావిడ ఈశ్వరమ్మగారు అప్పుడే అన్నారు. మొక్కు మొక్కే. కానీ నేను నోరన్నాను, కలం అనలేదు. అందుకని రాస్తున్నాను.

సంగతేమిటంటే, నన్ను మన సెక్టార్ బేస్‌బాల్ జట్టుకి మేనేజర్ని చేశారు. క్లబ్బు సెక్రటరీ గుణశేఖర్ ఇంటికొచ్చి, "మోకాళ్ళు అరిగిపోయినోడికి కూకునే పనిద్దామని కమిటీ అనుకున్నాది గురునాథంగారూ" అన్నాడు. గౌరవమో ఎగతాళో తెలియలేదు. దావీదుని కూడా గొర్రెల దగ్గర నుంచే పిలిచారు కదా అని ఒప్పుకున్నాను.

మన సంగతి మీకు తెలుసు. జిల్లా రెండో డివిజన్‌లో ఉన్నవి నాలుగే జట్లు: మనం, గాజువాక, రుషికొండ సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళు, పాత ఊరు. ఆఖరున నిలిచిన జట్టుని లీగు నుంచి తీసేస్తారు. నిరుడు మనమే పోవాలి. రుషికొండవాళ్ళు ఒక ఆటకి దారి తప్పి భీమిలి వెళ్ళిపోవడం వల్ల బతికాం. ఈసారి ఆఖరున ఉంటే జట్టు ఉండదు. ఈ నగరమంతా క్రికెట్ అనే బయలు దేవత ముందు సాగిలపడింది. సాగిలపడనివాళ్ళం కొద్దిమందిమి మిగిలాం. ఆ కొద్దిమందికీ తలుపు మూసుకుపోకుండా చూడ్డం నా చేతుల్లో పెట్టారు.

మిమ్మల్ని ఏమీ అడగడం లేదు. తెలియపరుస్తున్నానంతే.

గురునాథరావు

*

యారాడ,
ఆగస్టు, వానరోజు

బావమరిది గురునాథరావుకి,

నాను సెప్తన్నాను, మీ అక్క రాత్తంది. నా సెయ్యి నొప్పి. పోర్టులో ఇన్నేళ్ళు క్రేను లివర్లు లాగిలాగి, రిటైరయ్యేసరికి బుజం పోయింది. (నొప్పి భుజానికి కాదు తమ్ముడూ. రోజారమణి.) మద్దిలో నువ్వు రాయకే. నాను సెప్పిందే రాయి. (రాస్తున్నాను.)

నిన్ను మేనేజర్ని సేసినారని సదివి నవ్వుకున్నాను. ఒరే, జట్టు మునిగిపోతంటే కెప్టెన్‌కి కొత్త టోపీ ఇచ్చినట్టుంది. అయినా సంతోషమే. నీ అంత మొండోడు దొరకడు. నీ పన్ను సంగతి మళ్ళీ ఎత్తకు. ఆ బంతి అలగ ఎల్లిపోనాది, అంతే. బంతికి సెవులుంటాయేటి, నీ యేళ్ళు సూసి వంగడానికి?

నువ్వు నాతో మాటాడనని ఒట్టేసుకుంటే నాకేటి నష్టం. ఈ ఆర్నెల్లూ మా ఇంట్లో పెసంగం లేకండా సేపల పులుసు తిన్నాను. సల్లగా ఉంది. (అబద్ధం. ఆదివారం పూట గేటు వైపు చూస్తూ కూర్చుంటారు.) ఆ ముక్క కొట్టీ. (కొట్టను.)

నన్ను 'బావగారూ, మీరూ' అనకు. ఎవడో కలట్రుకి అర్జీ రాసినట్టుంది.

అప్పలసూరి

*

ఉక్కునగరం,
సెప్టెంబరు, జట్టు ఎంపిక మర్నాడు

బావా,

సరే, బావా అనే రాస్తున్నాను. కోపం పోయి కాదు, అవసరం వచ్చి.

నిన్న జట్టు ఎంపిక. పదిహేనుమంది వచ్చారు. ఇంతమంది రావడం ఈ మధ్య లేదు. మామూలు మేనేజరైతే బంతి విసిరించి, బ్యాటు పట్టించి చూస్తాడు. నేను ముందురోజు ఉపవాసం ఉండి, గిద్యోను సైన్యాన్ని ఎలా ఎంచుకున్నాడో మళ్ళీ చదివాను. దేవుడు వాళ్ళని నీళ్ళ దగ్గరకి తీసుకెళ్ళి, మోకాళ్ళూని తాగినవాళ్ళని పంపెయ్యమన్నాడు. చేత్తో నీళ్ళు తీసుకుని గతికినవాళ్ళని ఉంచమన్నాడు. అలా మిగిలిన గుప్పెడుమంది మిద్యానీయులను తరిమారు. అంతకంటే మంచి ఎంపిక పద్ధతి ఏ కోచ్ దగ్గరుంది?

మధ్యాహ్నం ఎండలో పరిగెత్తించి, గ్రౌండు మూల కుళాయి దగ్గరకి తీసుకెళ్ళాను. ఎందుకని ఎవరికీ చెప్పలేదు. వెంకటేష్ వెళ్ళి మోకాళ్ళూని, కుళాయికి నోరు పెట్టి పసిపిల్లాడిలా తాగాడు. మన జట్టులో బంతి తిన్నగా విసిరేవాడు వాడొక్కడే.  కానీ నియమం నియమం. వాడి వెనకాల ఇంకా ఏడుగురు అలాగే తాగారు. సాయిశంకర్ అనేవాడు ఇంటినుంచి సీసా తెచ్చుకున్నాడు. సీసాతో తాగినవాణ్ణి ఏం చెయ్యాలో లేఖనంలో లేదు. మోకాలు వంచలేదు కాబట్టి ఉంచాను.

అందరినీ నిలబెట్టి విషయం చెప్పాను. వెంకటేష్ నమ్మలేదు.

"సార్, నీళ్ళు తాగితే తీసీడమేటి సార్?"

"తాగినందుకు కాదు తమ్ముడూ. తాగిన పద్ధతికి."

"మరి కుళాయి కింద గ్లాసు పెట్టొచ్చు కద సార్?"

 వాళ్ళు ఎనిమిదిమంది ఆ సాయంత్రమే పక్క గ్రౌండుకి వెళ్ళి క్రికెట్ జట్టులో చేరిపోయారు. అన్యదేవతల దగ్గరకి నేనే తోలినట్టయింది.

మిగిలింది ఏడుగురు. బేస్‌బాల్‌కి తొమ్మిదిమంది కావాలి. గిద్యోను కథలో ఈ లెక్క రాదు. అరిగిన మోకాళ్ళతో నేనే మళ్ళీ క్యాచర్‌గా కూర్చుంటాను. మేనేజరు ఆడకూడదని రూలు లేదు, గుణశేఖర్‌కి చూపించాను. అప్పటికీ ఒకడు తక్కువ. ఆ ఒకడు పిచ్చర్.

నీకు అరవై దాటాయని తెలుసు. కాలేబు ఎనభై దాటాక కొండప్రాంతం అడిగి తీసుకున్నాడు. నువ్వూ డాల్ఫిన్ నోస్ కొండ అవతలే ఉన్నావు, దాటిరావడమే కదా. నాతో మాట్లాడే పని లేదు. పిచ్చర్, క్యాచర్ ఎప్పుడు మాట్లాడుకున్నారు గనక? వేళ్ళు చూపిస్తాను, నువ్వు విసురు.

నీ కోసం కాదు, జట్టు కోసం అడుగుతున్నాను. నా కోసం అని కూడా అనుకోవచ్చు.

గురునాథం

*

యారాడ,
సెప్టెంబరు

గురునాథానికి,

నాను రాను. బుజం నొప్పి. యేళ్ళు సూపిత్తానన్నావు కదా, నీ యేళ్ళ కోసమే రాను.

నీళ్ళు తాగిన పద్దతి సూసి మనిసిని తీసీడం నా బతుకులో ఇనలేదు. నాను ఆ కుళాయి కాడుంటే నన్నూ తీసీద్దువు. నాను సిన్నప్పట్నించీ నోరు పెట్టే తాగుతాను.

ఇక రాయకు.

అప్పలసూరి

(దీని వెనక ఇంకో కాగితం పెట్టాను తమ్ముడూ. ఆయన నిద్రపోయాక రాసింది కాదు, ఎదురుగా కూర్చుని ఉండగానే రాశాను. నేను ఏం రాసినా ఆయనకి తెలియదు. ఎందుకో చదివితే నీకే తెలుస్తుంది.

మీ బావకి రెండు కళ్ళలోనూ శుక్లాలు. పోర్టులో ఆఖరి ఏడాదే మొదలైంది. అందుకే క్రేను దిగిపోయి గేటు డ్యూటీ అడిగి తీసుకున్నారు. ఎవరికీ చెప్పలేదు. డాక్టరుగారు చిన్న ఆపరేషన్, గంటలో ఇంటికి వెళ్ళిపోవచ్చు అన్నారు. ఈయన 'కన్ను కోత్తారంట' అని ఆసుపత్రి మెట్ల మీంచి పారిపోయి వచ్చారు. చేపలో ముల్లు నేను తీసి పెడితే తింటున్నారు. ఫిబ్రవరిలో నీ వేళ్ళు ఆయనకి కనపడలేదు. ఒకటో రెండో తెలియక ఏదో విసిరారు. గుడ్డివాడు అనిపించుకోవడం కన్నా పొగరుబోతు అనిపించుకోవడమే నయమనుకున్నారు.

నేను చెప్పానని చెప్పకు. నాకు మళ్ళీ ముళ్ళు తీసే పని కూడా ఇవ్వరు. రోజక్క.)

*

ఉక్కునగరం,
సెప్టెంబరు, రెండు రాత్రుల ఆలోచన తర్వాత

బావా,

రాయొద్దన్నావు. ప్రవక్తలకి కూడా చాలామంది చెప్పవద్దని చెప్పారు.

ఒక కొత్త సంగతి చెప్పాలి. మన గ్రౌండులో పడమరవైపు చెట్లు బాగా పెరిగిపోయాయి. సాయంత్రం ఆటల్లో హోమ్ ప్లేటు మీద నీడ పడుతోంది. నా వేళ్ళు నాకే సరిగ్గా కనపడటం లేదు. ఎంత కుర్రాడైనా, ఎంత గద్ద కళ్ళున్నవాడైనా అంత దూరం నుంచి చూడలేడు. అందుకని నేను వేళ్ళ పద్ధతి ఎత్తేస్తున్నాను. మేనేజరుగా ఇది నా మొదటి సంస్కరణ.

ఇకపై నేను కేకేస్తాను. నీతో మాట్లాడటానికి కాదు, మొక్కుంది కదా. వాక్యం ప్రకటిస్తాను. అరణ్యంలో కేక వేసేవాడు ఎవడితో మాట్లాడుతున్నాడు చెప్పు? వినేవాడు వింటాడు. అంపైరు దానికి అడ్డు చెప్పలేడు. జ్ఞాపకం పెట్టుకో, అక్క చేత చదివించుకో:

'యోనా!' అన్నానంటే కిందికి వంగే బంతి. సముద్రం అడుగుకి వెళ్ళినవాడు.

'ఏలీయా!' అంటే ఛాతీ ఎత్తున లేచే బంతి. సుడిగాలిలో పైకి పోయినవాడు.

'మోషే!' అంటే నడిమధ్య నుంచి తిన్నగా. ఎర్ర సముద్రం రెండుగా చీలినట్టు.

'లోతు భార్య!' అంటే నెమ్మది బంతి. బ్యాటర్ తొందరపడి ఊపేస్తాడు, బంతి మాత్రం ఉప్పుస్తంభంలా అక్కడే ఆగినట్టుంటుంది.

అక్టోబరు రెండో వారం గాజువాకతో మొదటి ఆట. నీ చేతి తొడుగు నా దగ్గరే ఉంది. నూనె రాసి ఉంచాను.

గురునాథం

*

యారాడ,
అక్టోబరు

బావమరిదీ,

మీ గ్రౌండు పడమట సెట్లు లేవు. నాను మరిసిపోలేదు. అక్కడ నీళ్ళ ట్యాంకు ఉంది. అయినా నువ్వు సెట్లన్నావు కాబట్టి సెట్లే. వత్తన్నాను. ఒక్క సీజనే.

నీ పెవక్తలతో ఇక్కడ పెద్ద గలాటా అయిపోనాది. పెరట్లో మీ అక్క గుమ్మం కాడ నిలబడి "యోనా!" అని అరుత్తంది, నాను కొబ్బరి సెట్టుకి తగిలేలాగ కిందికేత్తన్నాను. "ఏలీయా!" అంటే పైకేత్తన్నాను. పొద్దున్నా సాయంత్రం ఇదే. ఊరందరూ నాను నీ సంగంలో కలిసిపోనానని అనుకుంటన్నారు. పక్కింటి అసిరమ్మ నిన్న మేకని తాడుతో లాక్కొచ్చి, "మావా, దీనికి గడ్డి దిగట్లేదు, ఒక్కపాలి పార్దన సెయ్యి" అన్నాది. నాను పార్దన కాదే, పిచ్చింగు అన్నాను. "అదే సెయ్యి మావా, ఏదోటి" అన్నాది. ఏటి సేత్తాను. మేక తల మీద సెయ్యెట్టి "మోషే" అన్నాను. సాయంత్రానికి గడ్డి తినేసింది. (నిజమే తమ్ముడూ. అరటితొక్క అడ్డం పడి ఉంటుంది.) ఇప్పుడు రోజుకో మేక వత్తంది.

లోతు పెళ్ళాం బంతి మాత్రం బాగా కుదిరింది. అది ఏసినప్పుడు మీ అక్క నవ్వుతాది.

అప్పలసూరి

*

ఉక్కునగరం,
అక్టోబరు ఆఖరు, పాత ఊరితో ఓడిపోయిన రాత్రి

బావా,

నువ్వు నాకు ఎదురుగానే ఉన్నావు, అన్నీ నీ కళ్ళముందే జరిగాయి. అయినా మాట్లాడటానికి లేదు కాబట్టి రాస్తున్నాను. నువ్వు బస్సెక్కాక జరిగింది నీకు తెలియదు.

మొదటి మూడు ఇన్నింగ్స్ ఎంత బాగున్నాం! నేను 'యోనా' అనడం, బంతి వంగడం, వాళ్ళు గాలిని కొట్టడం. ఏడుగురు కుర్రాళ్ళూ 'ఆమెన్' అని అరవడం మొదలెట్టారు, నేను నేర్పలేదు. నాలుగో ఇన్నింగ్స్‌లో పాత ఊరి కెప్టెన్ నిసార్ వచ్చాడు కదా, దర్జీ కొట్టు నిసార్. నేను 'ఏలీయా' అన్నాను. వాడు ముందే వెనక్కి వాలి నిలబడ్డాడు. బంతి లేచింది, కొట్టాడు, ట్యాంకు దాటింది. తర్వాత 'యోనా' అన్నాను. వాడు ముందే వంగున్నాడు. 'లోతు భార్య' అంటే, వాడు నా వైపు తిరిగి చిరునవ్వు నవ్వి, తీరిగ్గా ఆగి, అప్పుడు కొట్టాడు.

ఆట అయ్యాక నేనే వెళ్ళి అడిగాను.

"ఎవరు చెప్పారయ్యా నీకు?"

"ఎవురు సెప్పాలి గురునాథంగారూ? యోనా అంటే మా యూనుస్ నబీ కదా. చేప మింగేసినాయన. మా నానీ, అదే అమ్మమ్మ, పడుకోబెట్టేటప్పుడు రోజూ సెప్పేది. ఇలియాస్ పైకెళ్ళిపోయినాడు, మూసా దరియా చీల్చినాడు, లూత్ బీవీ వెనక్కి తిరిగి సూసింది. మీరు కేకేత్తంటే నాకు నిద్రొచ్చేత్తంది."

"అన్నీ తెలుసా?"

"ఒకట్రెండు అనుమానం ఉంటే నానీని అడిగాను. అదిగో కూకుంది."

చూశాను. పెవిలియన్ నీడలో జమాలున్నీసాగారు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నారు, తొంభై ఏళ్ళావిడ. నన్ను చూసి చెయ్యెత్తి, "బాగా సెప్తన్నావు బేటా, గొంతు బాగుంది" అన్నారు. ఇన్నేళ్ళ ప్రసంగాల్లో నాకు ఇంత మెప్పు రాలేదు. ఇంత ఓటమీ రాలేదు.

ప్రవక్తలు నా ఒక్కడి సొత్తనుకున్నాను. ఆ గర్వాన్ని నిసార్ ట్యాంకు అవతలికి కొట్టాడు.

ఇంతవరకూ గాజువాక మీద మనం ఒకటి గెలిచాం, ఒకటి ఓడాం, రుషికొండ మీద రెండూ పోయాయి. ఆఖరాట మళ్ళీ పాత ఊరితోనే. అది పోతే జట్టు పోతుంది. ఆవిడకి తెలియని పేర్లు వెతకాలి. నీ సలహా ఏమిటి?

గురునాథం

*

యారాడ,
నవంబరు

ఒరే గురునాథం,

నా సలహా ఏటంటే కూరల పేర్లెట్టు. ఆనపకాయంటే కిందికి, ములక్కాడంటే పైకి. జమాలున్నీసాగారికి నీ కూరల గురించి తెలీదు.

కానీ అలగంటే అది వాక్యం కాదు, నాతో మాటాడినట్టే అంటావు. నీ మొక్కుతో సచ్చిపోతన్నాం. అదేటి మొక్కురా, బావతో నోరిప్పనని? అమ్మోరికి మొక్కితే కోడి పోతాది, మనిసి పోడు.

ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. నువ్వు వాక్యం సెప్పడం మానేత్తే ఏటవుద్ది? (ఇది నేను అడగమనలేదు.) నాకు తెలుసు, నీకు అన్నం లేకపోయినా పరవాలేదు, అది లేకపోతే పిచ్చెక్కుద్ది. అందుకే నువ్వు మాటాడమని నాను అడగను. కేకెయ్యి. ఏ పేరైనా కేకెయ్యి. నాకు గుర్తున్న కాడికి ఏత్తాను.

అప్పలసూరి

*

ఉక్కునగరం,
నవంబరు చివర

బావా,

సరే. ఆవిడకి తెలియని నలుగురు దొరికారు. గిద్యోను కిందికి, సమ్సోను పైకి, రూతు తిన్నగా, బోయజు నెమ్మదిగా. అక్క చేత రోజూ అరిపించుకో.

నువ్వడిగినదానికి జవాబు. వాక్యం చెప్పడం మానేస్తే ఏమవుతుందో నాకు తెలియదు. స్టీలు ప్లాంటు రోలింగ్ షాపులో షిఫ్టు దిగి, చెవులు దిబ్బడేసి, ఆదివారం ఆ చాప మీద నిలబడితేనే నేను మనిషినని నాకు తెలుస్తుంది. ఎవడి దగ్గరా చదువుకోలేదు, ఎవడూ నన్ను నిలబెట్టలేదు. నేనే నిలబడ్డాను. అందుకే కూర్చోమంటే భయం.

ఆదివారం రా. ట్యాంకు నీడ ఈమధ్య ఇంకా పెరిగింది, జాగ్రత్త.

గురునాథం

*

ఉక్కునగరం,
డిసెంబరు, ఆఖరాట జరిగిన పదోరోజు

బావా,

ఇప్పుడు మొక్కు లేదు. ఫోన్ చెయ్యొచ్చు. మొన్న చేశాను కూడా. నువ్వు "ఏటి?" అన్నావు. నేను "ఏం లేదు" అన్నాను. ఇద్దరం పెట్టేశాం. అందుకే రాస్తున్నాను. అక్క చదివి వినిపిస్తుంది, ఆమెకీ తెలియాలి.

ఆరోజు నేను "గిద్యోను" అంటే నువ్వు పైకి వేశావు. "రూతు" అంటే అంపైరు కాళ్ళ దగ్గర వేశావు. "బోయజు" అన్నప్పుడు చాలాసేపు ఆలోచించి, "ఆడెవడు?" అని గట్టిగా అడిగావు. గ్రౌండంతా నవ్వింది. నేను జవాబు చెప్పలేక మాస్కు దించుకున్నాను. కానీ దేవుడి పని చూడు. నిసార్ నానీకి ఏమీ అర్థం కాలేదు, నీకూ అర్థం కాలేదు, బంతి ఎక్కడికి పోతుందో ఎవరికీ తెలియలేదు. తెలియని బంతిని ఎవడు కొడతాడు? ఆఖరి ఇన్నింగ్స్‌కి మనం ఒక పరుగు ముందున్నాం.

రెండు అవుట్లు అయ్యాయి, ఇంకొక్కటి చాలు. రెండు బేసుల మీద ఇద్దరున్నారు. బ్యాటు పట్టింది నిసార్. నువ్వేం వేశావో నాకు ఇప్పటికీ తెలియదు. వాడు కొట్టిన బంతి నిలువునా ఆకాశంలోకి లేచింది. నీకూ నాకూ సరిగ్గా మధ్యలో. అది నేల పడిందంటే ఇద్దరూ హోమ్ ప్లేటుకి వచ్చేసి రెండు పరుగులు తీసేస్తారు, జట్టు లేనట్టే.

నేను మాస్కు విసిరేసి లేచాను. మోకాళ్ళు పలికాయి. పైకి చూశాను, బంతి ఉంది. కిందికి చూశాను, నువ్వున్నావు. రెండు చేతులూ చాపి, నోరు తెరిచి, బంతి లేనివైపు చూస్తూ, తిన్నగా నా మీదకి పరిగెత్తుకొస్తున్నావు. నీ వెనకాల ఆకాశమంతా ఖాళీగా ఉంది.

ఏ ప్రవక్త పేరు అరవాలి? ఎవరూ గుర్తుకు రాలేదు. బిలాము గాడిదకి కూడా ఆ క్షణంలో మనిషి మాటే వచ్చింది కదా.

"జరుగు బావా, నాది!"

నువ్వు రాయిలా ఆగిపోయావు. నేను నీ పాదాల మీద పడ్డాను. బంతి నా చేతిలో పడింది. అంపైరు చెయ్యెత్తాడు. కుర్రాళ్ళు మన మీద పడి అరుస్తున్నారు. ఆ గుంపు కింద నువ్వు నా చెవిలో అడిగావు.

"ఏదిరా బంతి?"

"నా చేతిలో ఉంది."

"నాకు కనపళ్ళేదురా."

"తెలుసు బావా."

"ఎప్పట్నించి తెలుసు?"

"సెప్టెంబరు నుంచి."

"మరి ఆ యోనా, గీనా అంతా..."

"ప్రవక్తలైతే దూరం నుంచి వినపడతారని."

నువ్వు నా వీపు మీద ఒక్కటి చరిచావు, ఇంకా నొప్పిగా ఉంది. ఆసుపత్రికి నెలాఖర్లో తేదీ తీసుకున్నావని అక్క చెప్పింది. నేను సెలవు పెట్టాను. మెట్ల కింద నిలబడతాను, పారిపోవడానికి వేరే దారి లేదు.

వెంకటేష్‌నీ తక్కినవాళ్ళనీ క్రికెట్ గ్రౌండుకి వెళ్ళి పిలిచాను. వచ్చే సీజనుకి వస్తామన్నారు. "ఈసారి అన్నం ఎలా తింటామో సూత్తారా సార్?" అని అడిగాడు వాడు. పడాల్సిన మాట, పడ్డాను.

ఇక చాప సంగతి. ఆ మర్నాటి ఆదివారం నేను వెళ్ళి అందరితోపాటు కూర్చున్నాను. అందరూ అర్థం కానట్టు నటించారు. ఈశ్వరమ్మగారు, "ఆటలో అన్న మాట మాట కింద రాదు గురునాథం. 'జరుగు' అన్నావు, అది హెచ్చరిక. పాము వచ్చిందంటే చెప్పవా? లేచి నిలబడు" అన్నారు. గుణశేఖర్ తలుపు దగ్గర నిలబడి, మూడు మాటలే కాబట్టి మినహాయింపు ఇవ్వొచ్చని కమిటీ తరఫున చెప్పాడు. మా సంఘానికీ వాళ్ళ కమిటీకీ సంబంధమేమిటో నాకు తెలియదు. నేను లేవలేదు. లేవాలని ఒళ్ళంతా అన్నది, నిజం. కానీ నేను వెతికిన సందులు చాలు. కేకేస్తే మాట్లాడినట్టు కాదని, రాస్తే మాట్లాడినట్టు కాదని దేవుడికే లెక్కలు చెప్పాను. నిసార్ పట్టేసినవాణ్ణి, ఆయన పట్టలేడా? ఇచ్చిన మాట ఇచ్చిందే. నీకోసం అది తప్పినందుకు చింత లేదు. తప్పితే కట్టాల్సింది కట్టకపోతే చింత.

చివరికి అర్జునరావు లేచాడు. క్యాంటీన్‌లో వడ్డించే అర్జునరావు, నీకు తెలుసు, 'ఇంకొంచెం సాంబారు' అన్నా నోరు తడబడేవాడు. జేబులోంచి కాగితం తీశాడు. రెండు పేర్లు తప్పు చదివాడు. ఒకచోట ఆగిపోయి మళ్ళీ మొదటి నుంచి మొదలెట్టాడు. నేనైతే ఆ భాగానికి ముప్పావుగంట నిప్పులు కురిపించేవాణ్ణి. వాడు అయిదు నిమిషాల్లో ముగించి, "అంతేనండి, నాకు ఇంతే తెలిసింది" అని కూర్చున్నాడు.

ఇన్నేళ్ళలో మొట్టమొదటిసారి ప్రసంగం విన్నాను బావా. నేను ఇంతకాలం చెప్పడమే చేశాను, వినలేదు. బాగుందని అబద్ధం చెప్పను. మధ్యలో రెండుసార్లు నాలుక కొరుక్కున్నాను. కానీ ఇంటికొచ్చాక అన్నం తింటుంటే వాడన్న ముక్కే తిరుగుతోంది. గొంతు నొప్పి లేదు. నా గొంతు వినపడక పక్కింటివాళ్ళు 'ఒంట్లో బాగోలేదా' అని అడిగిపోయారు.

కన్ను బాగయ్యాక అక్కని తీసుకుని ఒక ఆదివారం రా. నువ్వు మీ అమ్మోరిని మానుకోనక్కర్లేదు, నేనేమీ చెప్పను, చెప్పే చోటున లేను. నా పక్కన జాగా ఉంది. ముందు వరసలో కాదు. తలుపు దగ్గర, చెప్పులు విడిచేచోట. అక్కడ గాలి బాగా వస్తుంది.

గురునాథం